సమస్య: పులినిఁ బులియె గెలిచెఁ బులుల యింట

ఈ వారం ఆటవెలది. సందర్భం 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన రెగ్యులర్ సీజన్: 12 మ్యాచ్‌లు, 12 గెలుపులు. జట్టు పేరు టైగర్స్, మైదానం టైగర్ స్టేడియం. ఆ పక్కనే ఆవరణలో మైక్ అనే నిజమైన పులి కూడా ఉంటుంది. మరి పులిని పులి గెలవడమేమిటో మీరే చెప్పండి.

గుంటూరు మాస్టారు:

పేరు పులియె రెండు పేర్మి జట్లకుఁ గూడ
నూరు గజము లందు హోరు పోరు
ఇరువదింటి కెదుట నిరువదిమూడయ్యె
పులినిఁ బులియె గెలిచెఁ బులుల యింట

ఆబర్న్ వాళ్లూ టైగర్సే. అక్టోబరు 26న లూసియానా గెలుపు 23-20.

నిర్వాహకుడు: మాస్టారూ, సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్న మ్యాచ్ ఇదే! రెగ్యులర్ సీజన్‌లో మిగతా పదకొండింటిలోనూ లూసియానా స్కోరు 36కి తగ్గలేదు. ఈ ఒక్క రోజే ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. మూడో పాదంలో ఆ టెన్షన్ అంతా ఉంది. 'గూడ' మాత్రం పూరకంగా, అంటే పాదం నింపడానికే వేసినట్టు తోస్తోంది. పోరు + ఇరువది దగ్గర ఉత్వసంధి నిత్యం కదా, 'హోరు పోర / నిరువదింటి' అంటే విసంధి (సంధి చేయకుండా వదిలేసిన దోషం) పోతుంది, అన్వయమూ కుదురుతుంది.

మాస్టారు: సవరణ శిరోధార్యం.

డాలస్ అక్కయ్య:

ఓటమెఱుఁగనట్టి యొక పులి యేతెంచె
నోటమెఱుఁగనట్టి యొకటి యెదుట
లూసియాన నేల లోఁగిలిగా మాఱ
పులినిఁ బులియె గెలిచెఁ బులుల యింట

రెగ్యులర్ సీజన్ దాటాక, 2020 జనవరి 13, లూసియానాలోనే ఉన్న న్యూ ఆర్లియన్స్‌లో ఫైనల్. క్లెమ్సన్ టైగర్స్ మీద 42-25. అప్పటికి రెండు జట్లూ 14-0, అంటే 14 గెలుపులు, ఓటమి లేదు.

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాల ఎదురెదురు నడక చాలా బాగుందక్కయ్యా. కానీ ఏ పులి గెలిచిందో పద్యంలో తేలలేదు.

అక్కయ్య: లోఁగిలి అన్నాను కదా, ఇంటి పులే.

నిర్వాహకుడు: అది మీ వివరణ చదివాక తెలిసింది. పద్యమే చెప్పాలి.

బేటన్ రూజ్ తమ్ముడు (తొలి ప్రయత్నం):

ఎనిమిదేండ్లు గజము లెదిరించి యోడించె
బెదురు గుండెలోనఁ బెరిగెఁ బులిగ
నలువదాఱు కొట్టి నడఁచెనా భయమును
పులినిఁ బులియె గెలిచెఁ బులుల యింట

అలబామా జట్టు గుర్తు ఏనుగండీ. దాని చేతిలో లూసియానా వాళ్లు వరుసగా 8 సార్లు ఓడి, నవంబరు 9న టస్కలూసాలో 46-41తో గెలిచారు. ఓడిన పులి భయం, పులుల ఇల్లు గుండె.

నిర్వాహకుడు: లూసియానా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) జో బరో 393 గజాలు విసిరిన రోజు! భయాన్ని పులిని చేయడం నాకు తట్టలేదు తమ్ముడూ. ఒక్క చిక్కుంది. 'కొట్టి' క్త్వార్థకం (భూతకాల అసమాపక క్రియ), దాని మీద నకారం రాదు. 'కొట్టి యడఁచె' అనాలి, అలా అంటే యతి పోతుంది.

మాస్టారు: బాబూ, 'నలిపె' అని చూడు.

తమ్ముడు: నలువదాఱు కొట్టి నలిపె నా భయమును. గణాలు సరిపోయాయి మాస్టారూ, యతీ నిలిచింది!