చెక్కభజన దరువు కింద ప్రతి మాత్రకూ కిక్: ఇది హౌస్ అవుతుందా, టెక్నో అవుతుందా? గదిలో బేస్ ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. నాకు రెండు సందేహాలున్నాయి. రెండూ ఒకే పాటకు సంబంధించినవి కాబట్టి కలిపి అడుగుతున్నాను.

ఇంట్లో ఒక గదిలో, మామూలు ల్యాప్‌టాప్ మీద రీపర్ అనే సంగీత రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. సింథసైజర్‌కు ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ వాడుతున్నాను. మొన్న శ్రీరామనవమికి పక్క పల్లె చెక్కభజన బృందం ఆడినప్పుడు వారి అనుమతి తీసుకుని ఫోనులో దరువు రికార్డు చేసుకున్నాను. గురువు పాట ఎత్తుకున్న కొత్తలో చెక్కలు ఒకటి ముందూ ఒకటి వెనకగా చిటపటమని పడతాయి. అడుగులు కుదిరి వలయం తిరగడం మొదలయ్యాక అవే చెక్కలు ఒక్క దెబ్బగా ముడిపడతాయి. ఆ ముడిపడే చోటునే పాటకు ఆయువుపట్టుగా పెట్టుకుని, దాని కింద 124 బీపీఎం (నిమిషానికి 124 మాత్రలు) వేగంలో ప్రతి మాత్రకూ ఒక కిక్ (డ్రమ్ములోని బరువైన కింది దెబ్బ) వేశాను. పైన మోహనంలో ఒక చిన్న సింథ్ వరుస నడుస్తుంది.

మొదటి సందేహం శైలి గురించి. మిత్రులకు వినిపిస్తే ఒకరు ఇది హౌస్ అన్నారు, ఒకరు టెక్నో అన్నారు, ఇంకొకరు ఊరేగింపుల్లో వేసే డీజే మిక్స్ అన్నారు. ఈ శైలులను నిజంగా విడదీసేది ఏమిటి? పేరు పెట్టుకోవడానికి అడగడం లేదు. ఎటు నడుస్తున్నానో తెలిస్తే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించుకోగలను.

రెండవది గది గురించి. పాట షడ్జమం ‘ఎ’ కాబట్టి కిక్‌ను కూడా 55 హెర్ట్జ్‌కు శ్రుతి చేశాను. హెడ్‌ఫోన్లలో నిండుగా వినిపిస్తుంది. స్పీకర్లలో పెట్టి గది మధ్యలో కుర్చీలో కూర్చుంటే మాత్రం సన్నబడిపోతుంది. అదే సమయంలో గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడిన మా అమ్మ తలుపు అదురుతోందని అంటుంది. ఇక ఫోనులో వింటే కిక్ ఉన్నట్టే తెలియదు. గది పొడవు పది అడుగులు, వెడల్పు పది అడుగులు, ఎత్తు కూడా దాదాపు అంతే. నేల కడప బండ, గోడలకు సిమెంటు పూత. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించమని ఒకరు సలహా ఇచ్చారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందా?

సమాధానం: బురుజు_నీడ (కర్నూలు)

నమస్కారమండి. నేను మొదటి సందేహానికి మాత్రమే రాస్తాను. గది సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

వేగాన్ని చూసి శైలిని తేల్చలేము. 124 దగ్గర హౌస్ ఉంటుంది, టెక్నో కూడా ఉంటుంది. ప్రతి మాత్రకూ కిక్ పడడం కూడా గుర్తు కాదు, అది డిస్కో నుంచి రెండింటికీ వచ్చిన ఆస్తి. ఆ కిక్ మీద పాట బరువును ఏది మోస్తుందో చూడాలి.

హౌస్ చికాగోలో పుట్టింది. 1977లో తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు వేసిన రోజుల నుంచి అది రూపు కట్టింది. డిస్కోలోని గొంతు, పియానో, నడిచే బేస్ అందులో అలాగే మిగిలాయి, దరువును మాత్రం డ్రమ్ మెషిన్ చేతికి అప్పగించారు. రెండో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద క్లాప్ (చప్పట్ల శబ్దం) పడుతుంది. రెండు కిక్‌ల నడిమధ్య హై-హ్యాట్ (డ్రమ్ సెట్టులోని జంట తాళాల సన్నటి శబ్దం) తెరుచుకుంటుంది. ఆ తెరుచుకునే హై-హ్యాట్ ఒక్కటి తీసేసి వినండి, పాటలోని ఊపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. టెక్నోను 1980లలో డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ తీర్చిదిద్దారు. జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందపు యంత్రధ్వని, అమెరికా ఫంక్ దరువు వారికి ముడిసరుకు. అక్కడ గొంతు వెనక్కి తగ్గింది. ఒకే చిన్న స్వరగుచ్ఛం నిమిషాల తరబడి తిరుగుతుంటే, ఫిల్టర్ (కొన్ని పౌనఃపున్యాలను ఆపే అమరిక) నెమ్మదిగా తెరుచుకోవడం, ఒక పొర చేరడం, ఒక పొర జారిపోవడం, వీటితోనే కథ నడుస్తుంది.

ఈ లెక్కన మీ పాటలో గురువుగారి గొంతును ఉంచి, కింద కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) మార్చుకుంటూ పోతే అది హౌస్ వైపు వెళ్తుంది. గొంతు తీసేసి, చెక్కలు చెదిరి ఉన్న దశ నుంచి ముడిపడే దశ దాకా సాగే ప్రయాణాన్నే పాటగా చేస్తే అది టెక్నో. ఊరేగింపు డీజే మిక్సులో సినిమా పాటే కథానాయకుడు, దరువు దానికి తోడు. మీరు చెప్పిన దానిలో ఆ లక్షణం లేదు.

నన్ను అడిగితే టెక్నో వైపే వెళ్లమంటాను. మన రాగం ఒకే షడ్జమం మీద కూర్చుని చుట్టూ తిరుగుతుంది, కార్డుల మార్పును కోరదు. టెక్నో కూడా ఒకే ఆధార స్వరం మీద గంట సేపైనా నిలబడగలదు. మోహనం కింద నాలుగు కార్డులు తిప్పామంటే రెండో చుట్టుకే అది సినిమా పాట బాట పడుతుంది, అటు పోయాక వెనక్కి తేవడం కష్టం.

కిక్ ఎంపిక గురించి ఒక మాట. రోలాండ్ సంస్థ 1980లో తెచ్చిన టీఆర్-808 కిక్‌కు తోక పొడవు, మోగి చాలాసేపు సాగుతుంది. 1983లో వచ్చిన టీఆర్-909 కిక్ పొట్టిగా, గట్టిగా తగులుతుంది. చెక్కల మధ్య ఖాళీలు వినిపించాలంటే మీకు 909 తరహా కిక్కే సరిపోతుంది. డబ్‌స్టెప్, డ్రమ్ అండ్ బేస్ వంటివి దరువును విరిచి కట్టే శైలులు, ఈ పాటకు వాటి అవసరం లేదు.

సమాధానం: చిత్రావతి_గట్టు (అనంతపురం)

రెండో సందేహానికి జవాబు మీరు రాసిన కొలతల్లోనే ఉంది.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య నిలిచే మొట్టమొదటి అల పౌనఃపున్యం రావాలంటే 343ను ఆ దూరానికి రెట్టింపైన 6.1తో భాగించాలి. 56 హెర్ట్జ్ వస్తుంది. మీ కిక్ 55 హెర్ట్జ్. అంటే మీరు ఎంచుకున్న స్వరం మీద గది తనంతట తానే మోగుతోంది. పైగా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడం వల్ల మూడు దిక్కుల అలలూ ఒకే పౌనఃపున్యం దగ్గర పోగుపడుతున్నాయి. శబ్దం పనికి ఇంతకంటే ఇబ్బందికరమైన ఆకారం మరొకటి లేదు.

ఈ అలకు గోడల దగ్గర ఒత్తిడి అత్యధికంగా ఉంటుంది, సరిగ్గా నడిమధ్యన దాదాపు సున్నాకు పడిపోతుంది. మీరు కుర్చీ వేసుకున్నది ఆ సున్నా దగ్గర, అమ్మగారు నిలబడింది గోడ దగ్గర. ఇద్దరూ విన్నది నిజమే. కావాలంటే రీపర్‌లో ఒక శుద్ధమైన సైన్ ధ్వనిని పెట్టి 40 హెర్ట్జ్ నుంచి 120 దాకా మెల్లగా పెంచుతూ కుర్చీలోంచి వినండి. తరువాత అదే ధ్వనిని గది మూలలో నిలబడి వినండి.

ఖర్చు లేకుండా చేయగలిగిన మొదటి పని కుర్చీని జరపడం. స్పీకర్లు పెట్టిన గోడ నుంచి మూడున్నర, నాలుగు అడుగుల దూరంలో మీ చెవులు ఉండేలా కూర్చోండి. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోవడమనే వాడుక సూత్రం ఇదే. అక్కడి నుంచి అటూ ఇటూ అరడుగు జరుపుతూ మీ చెవికి ఏది సమంగా ఉందో చూసుకోండి.

గుడ్ల అట్టల జోలికి వెళ్లవద్దు. 56 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్లు దాటుతుంది. దానికి అట్ట ఉన్నా లేనట్టే, పలుచని ఫోమ్ పలకలు కూడా అంతే. అవి పై శబ్దాలను మాత్రమే కొంత మింగుతాయి, అప్పుడు బేస్ మరింత మొద్దుగా తోస్తుంది. కాస్త ఖర్చు పెట్టగలిగితే నాలుగు అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతి నార) పలకలను గుడ్డతో పూర్తిగా చుట్టి, నేల నుంచి పైకప్పు దాకా గది మూలల్లో అడ్డంగా నిలబెట్టండి. వెనక ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. దీనితో కూడా 56 దగ్గరి మోత పూర్తిగా పోదు, కిక్ తోక మాత్రం తగ్గుతుంది. పరుపులను చుట్టి మూలల్లో పెట్టినా ఎంతో కొంత మేలే.

కడప బండ సమస్య వేరు. నున్నటి నల్ల బండకూ పైకప్పుకూ మధ్య పై శబ్దాలు బంతిలా ఎగిరెగిరి పడతాయి. గది మధ్యలో ఒక్కసారి చప్పట్లు కొడితే కిర్రుమని సన్నటి తోక వినిపిస్తుంది. చెక్కల శబ్దాన్ని పాడుచేసేది అదే. మీకూ స్పీకర్లకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానాను రెండు మడతలు వేసి పరవండి, ఒక పక్క గోడకు పుస్తకాల అర ఆనించండి. తేడా ఆ క్షణమే తెలుస్తుంది.

గది కోసం కిక్ శ్రుతిని మార్చవద్దు. ఆ దోషం మీ నాలుగు గోడలకే పరిమితం, వినేవారి ఇంట్లో ఉండదు. కింది శబ్దాల నిర్ణయాలు హెడ్‌ఫోన్లలో చేయండి, మిగతావి స్పీకర్లలో చేయండి. ఫోను సంగతికి వస్తే, అంత చిన్న స్పీకరు 55 హెర్ట్జ్‌ను పలకనే పలకదు. కిక్ మీద కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని స్వల్పంగా గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 110, 165, 220 వంటి గుణిజాలు పుడతాయి. ఫోను పలికేది పై గుణిజాలనే, కింది స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది.

సమాధానం: తాడిపత్రి_తప్పెట

పైవారు ఇద్దరూ చెప్పని విషయం ఒకటి ఉంది. చెక్కభజన దరువు ఒకే వేగంతో సాగదు, పాట ముదిరేకొద్దీ వేగం పెరుగుతుంది. దానిని రీపర్ చూపే 124 బీపీఎం మాత్రల గీతల మీద దెబ్బదెబ్బకూ అతికిస్తే బృందం ప్రాణం పోతుంది. 124 దగ్గర మాత్రలో నాలుగో వంతు 121 మిల్లీసెకన్లు. చెక్కలు ఆ గీతకు పది పదిహేను మిల్లీసెకన్లు ముందో వెనకో పడడమే మీరు మెచ్చుకున్న చిటపట. కాబట్టి ప్రతి ఆవర్తం తొలి దెబ్బను మాత్రమే గీతకు కలపండి, ఆవర్తం లోపలి దెబ్బలను వాటి చోటనే వదిలేయండి.

చెక్కల లోహపు బిళ్లల గలగల సరిగ్గా హై-హ్యాట్ ఉండే ఎత్తులోనే ఉంటుంది. రెండూ పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. హై-హ్యాట్ తీసేసి ఆ పని బిళ్లలకే ఇవ్వండి. చెక్కల ట్రాకులో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, అక్కడ ఉండేది అడుగుల చప్పుడూ గాలీ మాత్రమే. మళ్లీ రికార్డు చేసే అవకాశం వస్తే, ఫోను తనంతట తాను శబ్దాన్ని పెంచి తగ్గించే అమరికను ఆపగలిగే యాప్ వాడండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి చెక్క దెబ్బ తరువాత జనం గోల పైకి పొంగుతుంది.

మరొకటి. రికార్డింగుకు ఇచ్చిన అనుమతి పాటగా విడుదల చేయడానికి సరిపోదు. పూర్తయిన పాటను బృందానికి వినిపించి, వారు ఒప్పుకున్నాకే బయట పెట్టండి, వారి ఊరి పేరూ బృందం పేరూ పాట వివరాల్లో ముందుగా రాయండి.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

అందరికీ కృతజ్ఞతలు. సైన్ ధ్వనితో చూశాను. కుర్చీలో ఉండగా 55 దాటగానే శబ్దం ఎవరో తగ్గించినట్టు పడిపోయింది, మూలకు వెళ్తే కిటికీ రెక్క మోగింది. కుర్చీ జరిపి, జంపఖానా పరిచాను. హై-హ్యాట్ తీసేశాక చెక్కల బిళ్లలు విడివిడిగా వినిపిస్తున్నాయి. తాడిపత్రి అన్నగారు చెప్పినట్టు బృందానికి వినిపించాకే విడుదల సంగతి చూస్తాను.

కర్నూలు వారికి ఒక ప్రశ్న. టెక్నో వైపే వెళ్లాలని నిర్ణయించుకున్నాను, కానీ సింథ్‌లో మోహనం హార్మోనియం మెట్లు నొక్కినట్టు వినిపిస్తోంది. స్వరం నుంచి స్వరానికి జారుడు ఎలా తేవాలి?

సమాధానం: బురుజు_నీడ (కర్నూలు)

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక గొప్ప జవాబు ఉందండి. చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లో ముంబయిలో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక రికార్డు విడుదల చేశారు. ఆయన వాడినవి రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్, టీబీ-303 బేస్ యంత్రం. అప్పట్లో ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది, ఎందుకంటే ఆ 303ను ముందుకు తెచ్చి చికాగోలో ఫ్యూచర్ బృందం యాసిడ్ హౌస్‌కు (303 మెలికల మీద నడిచే హౌస్ శాఖకు) నాంది పలికింది 1987లో.

303లో ఏ స్వరానికి కావాలంటే ఆ స్వరానికి జారుడు గుర్తు పెట్టుకోవచ్చు. మిగతా స్వరాలు విడిగా పలుకుతాయి, గుర్తు పెట్టిన చోట మాత్రం ఒక స్వరం నుంచి మరో స్వరానికి సాగుతుంది. సర్జ్‌లో దీనికి ఒకే స్వరం పలికే మోనో అమరికను ఎంచుకుని, స్వరాలు ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా చేరినప్పుడు మాత్రమే పోర్టమెంటో (స్వరాల మధ్య జారుడు) పనిచేసేలా పెట్టండి. జారే సమయం 60 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చినంత పెంచండి.

మోహనానికి ఇది సరిపోతుంది. తోడి వంటి రాగానికైతే పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే) గీతను చేత్తో గీయక తప్పదు, అక్కడ గాంధారం ఊగే తీరును ఏ పోర్టమెంటో ఇవ్వలేదు. మీ పాటలో ధైవతం నుంచి పంచమానికి దిగేటప్పుడూ, రిషభం నుంచి గాంధారానికి ఎక్కేటప్పుడూ మాత్రమే జారుడు పెట్టి, తక్కిన స్వరాలను పొట్టిగా, విడిగా ఉంచండి. చెక్కలు ముడిపడే చోటికి చేరేసరికి ఫిల్టర్ పూర్తిగా తెరుచుకునేలా, దాని గీతను ముప్పై రెండు ఆవర్తాల ముందు నుంచే మొదలుపెట్టండి.