గ్రాఫైన్‌ను నిజంగా తయారు చేశారా?

బరంపురం_ఎమ్మెస్సీ:
మా తరగతి రెండు వర్గాలుగా చీలిపోయింది. గ్రాఫైన్ అనే కర్బన పదార్థం ఇంకా లెక్కల్లోనే ఉందని కొందరు, 2022లోనే తయారైందని కొందరు వాదిస్తున్నారు. పెద్దలు ఏమంటారు?

రాయగడ_రసాయనం:
తయారైంది, అందులో నాకు సందేహం లేదు. గ్రాఫీన్‌లో, అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కర్బన పొరలో, షడ్భుజులు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీసి, మధ్యలో త్రిబంధం ఉన్న రెండేసి పరమాణువులతో కలిపితే గామా గ్రాఫైన్, మనం వాదించుకునే రకం అదే. 1987లో బాగ్‌మన్, ఎక్‌హార్ట్, కెర్టెస్ దీన్ని సిద్ధాంతపరంగా ప్రతిపాదించారు. 2022లో బోల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయ బృందం దీన్ని తయారు చేశామని ప్రకటించింది. అదే ఏడాది రొడియోనోవ్ బృందం వేరే చర్యతో బహుళ పొరల స్ఫటికాలు సాధించినట్లు ప్రచురించింది. ఆ పత్రం రచయితల్లో బాగ్‌మన్ కూడా ఉన్నారు. ఇంతకంటే ఏం కావాలి?

పర్లాకిమిడి_మాస్టారు:
బాబూ, రచయితల్లో ఎవరున్నారన్నది ఆధారం కాదు, నమూనాలో ఏముందన్నదే ఆధారం. మన తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్లలో గ్రాఫైట్ ఉంది కదా. పొరలు పొరలుగా ప్రకృతే పేర్చిపెట్టింది. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ గ్రాఫైట్ నుంచి టేపుతో ఒక్క పొరను, అంటే గ్రాఫీన్‌ను, ఊడదీయగలిగారంటే ఆ అమరిక ముందే ఉండబట్టే. గ్రాఫైన్‌కు అలాంటి ఖనిజం లేదు. చిన్న అణువులను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ కట్టాలి. తప్పు చోట బంధం పడి, అది విడిపోయే రకం కాకపోతే, ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. చివరికి మిగిలే నల్లపొడి ఏ ద్రావణిలోనూ కరగదు, కరిగించి మళ్లీ స్ఫటికీకరించి శుద్ధి చేయడానికి వీలుండదు. లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి బంధాలను గుర్తించే రామన్ వర్ణపటంలో 2200 సెం.మీ⁻¹ దగ్గర శిఖరం కనిపిస్తే త్రిబంధం ఉందని తెలుస్తుంది, అంతే. అడ్డదిడ్డంగా అల్లుకున్న పాలిమర్ కూడా ఆ శిఖరాన్నే చూపిస్తుంది.

రాయగడ_రసాయనం:
మాస్టారూ, బోల్డర్ బృందం సరిగ్గా అందుకే తిరోగమనీయ చర్యను ఎంచుకుంది. తప్పు పడిన బంధం విడిపోయి సరైన చోట మళ్లీ పడే అవకాశం దానివల్లే. అయినా గ్రాఫీన్ బంధువులన్నీ కాగితం మీదే ఉన్నాయనడం అన్యాయం. 2010లో బీజింగ్‌లో యూలియాంగ్ లీ బృందం రాగిరేకు మీద గ్రాఫ్‌డైన్ పొరను, అంటే షడ్భుజుల మధ్య రెండేసి త్రిబంధాలుండే రకాన్ని, పెంచింది. 2021లో బైఫినైలీన్ జాలం వచ్చింది. వీటినీ కాదంటారా?

పర్లాకిమిడి_మాస్టారు:
బైఫినైలీన్‌ను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. బంగారు ఉపరితలం మీద నాలుగు, ఆరు, ఎనిమిది భుజాల వలయాలను సూక్ష్మదర్శినితో ఒక్కొక్కటిగా చూపించారు. ఎంత సన్నని పట్టీ అయినా అక్కడ వాదనకు తావు లేదు. గ్రాఫ్‌డైన్ పొర కూడా ఉంది. పొర అంతటా అమరిక ఒకేలా ఉందన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. ఇక 2015లో ప్రతిపాదించిన, పంచభుజులతో అల్లిన పెంటా గ్రాఫీన్ ఊహగానే ఉంది.

రాయగడ_రసాయనం:
మీ కొలమానంతో చూస్తే 1985లో సి60, అంటే అరవై కర్బన పరమాణువుల బంతి, కూడా తయారు కానట్టే! అప్పుడు కనిపించింది అణువుల బరువును చూపే ద్రవ్యరాశి వర్ణపటంలో ఒక శిఖరమే. అయినా దాన్ని కనుగొన్న క్రోటో, కర్ల్, స్మాలీలకు 1996లో నోబెల్ వచ్చింది.

పర్లాకిమిడి_మాస్టారు:
మంచి ఉదాహరణ తెచ్చారు, నా వాదన కూడా దాని మీదే నిలబడుతుంది. 1985 నాటి ఆకృతి సరైన ఊహే అయినా, దాన్ని నిలబెట్టింది 1990లో క్రాట్ష్‌మర్, హఫ్‌మన్ చూపిన విధానం. గ్రాఫైట్‌ను విద్యుత్తుతో ఆవిరి చేసి, ఆ మసిని బెంజీన్‌లో కరిగిస్తే ఎర్రని ద్రావణం, దాని నుంచి స్ఫటికాలు. ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలలు తామే చేసి చూసుకున్నాయి. గామా గ్రాఫైన్ విషయంలో నేను అడిగేది అదే. ఆ రెండు విధానాల్లో ఏదో ఒకదానితో సంబంధం లేని మూడో ప్రయోగశాల తయారు చేసి, ఒక్క పొరను విడదీసి, పరమాణువుల వరుసను చూపించిన పత్రం మీకు దొరికితే ఇక్కడ పెట్టండి. అందరికంటే ముందు నేను చదువుతాను.