సిరిమానోత్సవం అయ్యాక తీరథ్‌గఢ్ జలపాతం: అమ్మతో వెళ్లొచ్చా?

మాది విజయనగరం. సిరిమానోత్సవం (దసరా తర్వాత జరిగే మా పైడితల్లి అమ్మవారి పండగ) అయిన వారంలో అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలతో ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వెళ్దామనుకుంటున్నాం. అసలు చూడాలనుకున్నది కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని తీరథ్‌గఢ్ జలపాతం. జగదల్‌పూర్‌కి సుమారు 35 కిలోమీటర్లట, ఎత్తు 300 అడుగులు.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రామతీర్థం కొండ మెట్లే సగంలో ఆపేసి, 'మీరు ఎక్కి రండిరా, నేనిక్కడ కూర్చుంటాను' అంది. తీరథ్‌గఢ్‌లో కిందికి దిగాలంటే చాలా మెట్లున్నాయంటున్నారు. దిగకుండా పైనుంచే చూస్తే జలపాతం బాగా కనిపిస్తుందా, లేక నీళ్లు జారిపోయే అంచు మాత్రమేనా? పైన కూర్చోడానికి నీడ ఉంటుందా? కోతుల బెడద ఎక్కువైతే ఆవిడని ఒక్కదాన్నీ వదలలేను.

ఇంకోటి, కుటుంసర్ గుహని వానాకాలంలో మూసేస్తారు కదా, దసరా తర్వాత ఎప్పుడు తెరుస్తారు? మా పెద్దోడికి జలపాతం కన్నా ఆ గుహ మీదే మోజు.

దారి విషయం: సాలూరు, సుంకి, కోరాపుట్, జయపురం మీదుగా సొంత కారులో వెళ్దామని నేను. కొత్తవలసలో కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు సొరంగాలు చూసుకుంటూ పోదామని నాన్న. పిల్లలు ఎటూ నాన్న పార్టీయే. ఈమధ్య సాలూరు ఘాట్‌లో వెళ్లినవాళ్లు రోడ్డు ఎలా ఉందో చెప్పండి. చీకటి పడ్డాక దిగడం మంచిదేనా? ఘాట్‌లో అమ్మకి వాంతులు ఖాయం, దానికి నిమ్మకాయలు ఉన్నాయి లెండి.

చిత్రకోట్ జలపాతం కూడా అదే రోజు చూడగలమా, లేక రెండో రోజుకి ఉంచుకోవాలా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.