ముక్కనుమ రోజు వండలూరు జూ: మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో వెళ్ళొచ్చా?

క్రోంపేట కోడలు:
అందరికీ నమస్కారం. ఈసారి పండక్కి మేం ఊరెళ్ళడం లేదు, ఒంగోలు నుంచి మా అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలిద్దరూ మా ఇంటికే వస్తున్నారు. మా ఇంట్లో వాళ్ళతో కలిపి తొమ్మిది మందిమి అవుతాం. ముక్కనుమ రోజు అందరికీ సెలవే కదా అని మా చెన్నై శివార్లలోని వండలూరు జూ అనుకున్నాం. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పది నిమిషాలు నడిస్తే కూర్చోవాల్సిందే. "మీరెళ్ళి రండమ్మా, నేనెక్కడ నడవగలను" అంటున్నారు కానీ పండగ పూట ఆవిణ్ణి ఒక్కరినే ఇంట్లో వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు. ఇంకో టెన్షన్ ఏంటంటే, రెండేళ్ళ క్రితం వెళ్ళినప్పుడు చేరేసరికే పన్నెండయింది, పులీ సింహం రెండూ నిద్రే, మా చిన్నాడు దారి పొడుగునా ఒకటే ఏడుపు. ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి.

మేడవాక్కం నుంచి:
ముక్కనుమ మాత్రం వద్దండీ, దయచేసి. మన ముక్కనుమే ఇక్కడి వాళ్ళకి కాణుం పొంగల్, ఇంటిల్లిపాదీ బయటికి వచ్చే రోజు, ఊరు ఊరంతా అయితే మెరీనాలో ఉంటుంది లేకపోతే వండలూరులో ఉంటుంది. మేం ఒకసారి తెలియక వెళ్ళి టికెట్ దగ్గరే గంటన్నర నిలబడ్డాం, పిల్లల చెయ్యి వదలాలంటే భయమేసింది. మీ వాళ్ళు ఇంకో రెండు రోజులు ఉండేట్టయితే మామూలు రోజు చూసుకోండి, కాకపోతే మంగళవారం జూకి సెలవు, అది గుర్తుంచుకోండి. పొద్దున తొమ్మిదికి గేటు దగ్గరుండాలి. సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువు, ఎండెక్కాక ఏ జూలోనైనా అది లేవదు, మీ బాబుకి ఆ మాట ముందే చెప్పి ఉంచండి.
క్రోంపేట నుంచి కారెందుకు, చెంగల్పట్టు వైపు లోకల్ ట్రైన్ ఎక్కితే వండలూరులో దిగొచ్చు. అయితే జీఎస్టీ రోడ్డు, అంటే గ్రాండ్ సదరన్ ట్రంక్ హైవే, దాటాలి కాబట్టి అత్తగారికి మాత్రం ఆటో పెట్టండి.

మా నాన్నతో వెళ్ళినవాణ్ణి:
మోకాళ్ళ సంగతి నేను చెప్తాను. జూ మొత్తం 602 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు పదిహేను వందల ఎకరాలు, అంతా చూసేద్దామని బయల్దేరితే కుర్రాళ్ళకే కాళ్ళు పడిపోతాయి. మా నాన్న మొహమాటానికి ఏమీ అనకుండా నడిచారు, తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు, ఆ తప్పు నాదే. అత్తగారు "నడుస్తాలే" అన్నా వినకండి. లోపల బ్యాటరీ కార్లున్నాయి, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పెద్దావిడ, చిన్నపిల్లలు అందులో తిరుగుతారు, మిగతావాళ్ళు సైకిళ్ళు అద్దెకి తీసుకుని విడిగా వెళ్ళొచ్చు.
ఇంకోటి, లోపల ఓటేరి చెరువుంది. వానలు బాగా పడ్డ ఏడాది జనవరిలో నీళ్ళు నిండుగా ఉండి ఎక్కడెక్కడి కొంగలో వచ్చి వాలతాయి. వాటిని ఎవరూ తెచ్చి పెట్టలేదు, వాటంతట అవే వస్తాయి. మా నాన్న ఆ రోజంతటిలో సంతోషంగా ఉన్నది ఆ చెరువు గట్టు మీద కూర్చున్న అరగంటే. మీ అత్తగారికి కూడా అక్కడ కాసేపు కూర్చునే వీలు చూడండి.

పాత మద్రాసు:
అమ్మా, నాకు డెబ్బై రెండేళ్ళు. మా చిన్నప్పుడు జూ సెంట్రల్ స్టేషన్ పక్కన, మూర్ మార్కెట్ వెనకాల ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎగ్మూరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జూని బతికిన కాలేజీ అనీ అనేవాళ్ళు. మీ అత్తగారిని అడగండి, ఆవిడ కూడా విని ఉంటారు. 1855లో ఈ జూ పుట్టింది ఆ మ్యూజియం ఆవరణలోనే, వండలూరులో జనానికి తెరిచింది 1985లో. పాత జూలో ఇరుకు బోనులు, పులి అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేకపోయేవాణ్ణి. వండలూరులో ఊచల బదులు కందకాలు, వాటి అవతల చెట్టూ చేమా. జంతువు దూరంగా ఉంటుంది, ఒక్కోసారి కనపడదు కూడా, కానీ దానికి అదే సుఖం. ఇంట్లో బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్ళండి. నల్లటి ఒళ్ళు, మొహం చుట్టూ తెల్లటి జూలు, సింహానికున్నట్టు కుచ్చు తోక ఉన్న కోతి కనిపిస్తే పిల్లల్ని కాసేపు ఆపి చూపించండి, అడవిలో అది మన పడమటి కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

క్రోంపేట కోడలు:
అందరికీ చాలా థాంక్స్. అన్నయ్యతో మాట్లాడాను, ఇంకో రెండు రోజులు సెలవు పెడతానన్నాడు, గురువారం వెళ్తున్నాం. పులిహోర పొద్దున్నే కలిపి జూకి వెళ్ళేలోపే అందరికీ పెట్టేస్తాను. బాబాయిగారూ, మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నతో ఆ బతికిన కాలేజీకి వచ్చారట, ఇన్నేళ్ళలో ఆ మాట మాకెప్పుడూ చెప్పలేదు. బ్యాటరీ కారు ఎన్నింటికి అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు.