మార్కెట్ల దొరికే టమాట, వంకాయ, ద్రాక్ష అన్నీ జీఎంవేనా? అమ్మ తింటలేదు

ప్రశ్న (నల్లగొండ):
అందరికి నమస్తే. మా అమ్మకు ఎవరో వాట్సాప్‌ల వీడియో పంపిన్రు, పదిరోజులైనా మెత్తవడని టమాటలు, గింజల్లేని ద్రాక్ష అన్నీ జీఎం (జన్యువులు మార్చిన పంటలు) అంట, తింటె క్యాన్సర్ వస్తదంట. గప్పటిసంది మా ఇంట్ల టమాట పప్పు బందు, పిల్లలకు ద్రాక్ష గూడ ఇయ్యనిస్తలేదు. నిన్న వంకాయలు కోసి చూసి, ఒక్కదాంట్ల గూడ పురుగు లేదని కిలో వంకాయలు బర్రెకు ఏసింది. నిజంగ అవి జీఎంవేనా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జవాబు 1 (మునుగోడు దిక్కు, పత్తి రైతు):
కాదక్కా. మన దేశంల రైతులు ఏసుకునేటందుకు పర్మిషన్ ఉన్న జీఎం పంట బీటీ పత్తి (కాయపురుగును తట్టుకునే పత్తి) ఒక్కటే, 2002 నుంచి. బీటీ వంకాయకు 2009ల జీఎం పంటలను చూసే కేంద్ర కమిటీ సరే అన్నది గని 2010 ఫిబ్రవరిల జైరాం రమేశ్ కేంద్ర పర్యావరణ మంత్రిగ ఉన్నప్పుడు ఆపిన్రు, ఇప్పటికీ రాలే. మీరు కొన్న టమాట హైబ్రిడ్, అంటె రెండు రకాల పూలను కలిపి తీసిన విత్తనం, గంతే. గింజల్లేని ద్రాక్ష కొమ్మలు నాటి పెంచుతరు, అది ఎప్పటిసందో ఉన్నది. వంకాయల పురుగు లేదంటె మందు గట్టిగ కొట్టిన్రేమో, నాకైతె అదే భయం. మా పక్క చెల్కల వారానికి రెండుసార్లు కొట్టి తెల్లారే తెంపి మార్కెట్‌కు తెస్తరు, నా కండ్లతోని చూసిన.

జవాబు 2 (వనపర్తి):
మరి అన్నా, పత్తి గింజల నూనె తింటున్నం గదా, బర్రెలకు పత్తి చెక్క పెడుతున్నం, దాని సంగతి? కంపెనీ చేసిన పరీక్షలు కంపెనీయే చూపెడితె మనం ఎట్ల నమ్మాలె?

జవాబు 3 (అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన, మిర్యాలగూడ):
నువ్వు అడిగింది న్యాయమే తమ్మీ, ఆ పరీక్షల కాగితాలు అందరికీ కనవడాలె, నేను గూడ గదే అంట. గని నూనె సంగతి ఇను. బీటీ అంటె మట్టిల ఉండే బ్యాక్టీరియా, దాని జన్యువును పత్తిల పెట్టిన్రు. దానితోని తయారయ్యే ప్రొటీన్ కాయపురుగు పేగులల్ల క్షారం ఉంటది కాబట్టి అండ్ల కరిగి, పేగు గోడను అతుక్కొని తూట్లు పొడుస్తది. మన కడుపుల ఆమ్లం, పైగ మన పేగులకు అది అతుక్కునే తావే లేదు, పప్పుల ప్రొటీన్ లెక్క అరిగిపోతది. రిఫైన్ చేసిన నూనెల ప్రొటీనే దాదాపు ఉండదు. 2016ల అమెరికా సైన్స్ అకాడమీ ఏండ్ల డేటా చూసి, అమ్మకంల ఉన్న జీఎం తిండితోని మామూలు తిండికంటె ఎక్కువ ముప్పు ఉన్నట్టు ఆధారం దొరకలే అన్నది. అట్లని రేపు వచ్చే ప్రతి పంట మంచిదే అని కాదు, దేనికదే పరీక్ష చెయ్యాలె. నన్నడిగితె మన దిక్కు అసలు గండం పర్మిషన్ లేని గడ్డిమందు పత్తి (గడ్డిమందు కొట్టినా చావని జీఎం పత్తి), బిల్లు లేకుండ లూజ్ ప్యాకెట్లల్ల అమ్ముతున్రు, ఆ విత్తనం ఏసినోళ్లు చేను మొత్తం గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొడ్తరు, మూతికి గుడ్డ గూడ కట్టుకోరు. ఆ గ్లైఫోసేట్‌ను 2015ల ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన సంస్థ) క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న వాటిల్ల పెట్టింది.

ప్రశ్న అడిగినామె:
మస్తు థాంక్స్ అన్నా. అమ్మకు మొత్తం చదివి ఇనిపిచ్చిన. టమాటకు ఒప్పుకున్నది. వంకాయ మాత్రం, మందు కొట్టిన ఎన్నిదినాలకు తెంపిన్రో అడిగి తీస్కరా అన్నది, రేపు సంతల అడుగుత.