కైల్ ఉచిత వెర్షన్‌లో 2 కేబీ పరిమితి: ప్రోగ్రామును కుదిస్తే పరికరాన్ని అమ్ముకోవచ్చా?

ప్రశ్న: బోరుబావి

అందరికీ నమస్కారం. పాలిటెక్నిక్ ల్యాబులో 8051 మైక్రోకంట్రోలర్ చిప్ గురించి నేర్చుకున్ననాటి నుంచి, ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే కైల్ మైక్రోవిజన్ ఉచిత వెర్షన్‌నే నేను వాడుతున్నాను. ఇప్పుడు అదే కుటుంబానికి చెందిన ఏటీ89ఎస్52 చిప్‌తో ఒక చిన్న పరికరం తయారు చేస్తున్నాను. అది మేడమీది ట్యాంకులో నీటి మట్టాన్ని అల్ట్రాసోనిక్ సెన్సరుతో కొలిచి, 16×2 ఎల్‌సీడీ మీద చూపించి, ట్యాంకు నిండగానే రిలే ద్వారా మోటారును ఆపేయాలి. మట్టం చూపించేంత వరకు అంతా సవ్యంగానే ఉంది కానీ, మోటారు భాగం చేర్చగానే లింకర్ (కోడ్ ముక్కలన్నిటినీ కలిపే భాగం) ఎల్250 ఎర్రర్ ఇచ్చి, పరిమితి 0800హెచ్ బైట్లని చెప్పి ఆగిపోతోంది. చిప్‌లో 8 కేబీ ఫ్లాష్ ఉండగా అందులో పావు వంతు దగ్గరే ఎందుకు ఆగాలి? మరో సందేహం కూడా ఉంది. ఊళ్లో కొందరు డబ్బులిస్తాం, మాకూ ఒకటి చేసిపెట్టమని అడుగుతున్నారు. ప్రోగ్రామును ఎలాగోలా 2 కేబీలోకి కుదిస్తే, ఇదే ఉచిత వెర్షన్‌తో చేసి అమ్మవచ్చా?

జవాబు: రిజిస్టర్ బ్యాంక్

బోరుబావి గారూ, 0800హెచ్ అంటే 2,048 బైట్లు. అది చిప్ పరిమితి కాదు, సీ51 (కైల్‌లోని 8051 సీ కంపైలర్) మూల్యాంకన వెర్షన్‌కు, అంటే మీ ఉచిత వెర్షన్‌కు, కంపెనీ పెట్టిన హద్దు. మీరు రాసిన లైన్ల సంఖ్యతో దానికి పని లేదు. లైబ్రరీతో సహా తయారయ్యే మొత్తం మెషీన్ కోడ్‌నే అది లెక్కిస్తుంది.

మీరు దూరాన్ని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల్లో) లెక్కగట్టి, సంఖ్యను అక్షరాలుగా మార్చే ఎస్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌తో ఎల్‌సీడీకి పంపుతున్నారని నా అనుమానం. అదే నిజమైతే ఆ 2 కేబీలో పెద్ద భాగాన్ని ఆ రెండే తినేస్తాయి, ఎందుకంటే ఎస్‌ప్రింట్‌ఎఫ్‌ను ఒక్కసారి పిలిచినా అన్ని ఫార్మాట్లనూ విడమరిచే కోడ్ మొత్తం వచ్చి చేరుతుంది, దానికి తోడు ఫ్లోట్ గుణకార భాగహారాల కోడ్ కూడా వస్తుంది. మోటారు భాగాన్ని తాత్కాలికంగా కామెంట్ చేసి లింక్ చేయండి. పరిమితిలో ఎన్ని బైట్లు వాడారో బిల్డ్ అవుట్‌పుట్‌లోనే కనిపిస్తుంది. తర్వాత ఎస్‌ప్రింట్‌ఎఫ్ లైనును కూడా తీసేసి మళ్లీ లింక్ చేస్తే, ఆ ఒక్క లైను ఖరీదు ఎంతో తెలిసిపోతుంది.

నిజానికి ఈ పనికి ఫ్లోట్ అవసరమే లేదు. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే ఏటీ89ఎస్52లో టైమర్ మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది కాబట్టి, ఎకో పల్స్ వచ్చినంతసేపు నడిచిన టైమర్ విలువను 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. క్రిస్టల్ 11.0592 మెగాహెర్ట్జ్ అయితే 58 బదులు 53 లేదా 54 తీసుకోండి. నీటి మట్టానికి ఆ ఖచ్చితత్వం చాలు. వచ్చిన సంఖ్యను 100తో, 10తో భాగించి ఒక్కో అంకెకూ 48 (సున్నా అక్షరం కోడ్) కలిపి ఎల్‌సీడీకి పంపితే సరిపోతుంది.

జవాబు: గోదారి గట్టు

పై సలహా సాంకేతికంగా సరైనదే, కానీ మీ రెండో ప్రశ్నకు అది జవాబు కాదు. కోడ్ పరిమాణం వేరు, లైసెన్సు వేరు. ఉచిత సీ51ను ఇచ్చింది పనితీరును పరీక్షించి చూసుకోవడానికి మాత్రమే కాబట్టి, మీ ప్రోగ్రాము 500 బైట్లే అయినా దానితో తయారు చేసిన పరికరాన్ని అమ్మడానికి ఆ లైసెన్సు అనుమతించదు. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు క్రాక్ కీ (లైసెన్సు కొనకుండా పరిమితిని ఎత్తేసే దొంగ కీ) సంగతి ఎత్తుతారు గనుక ఇది కూడా చెబుతున్నాను. మన 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసమో వ్యాపారంలోనో వాడనప్పుడు కోర్టు జైలుశిక్ష లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. అమ్మకం మొదలుపెట్టాక ఆ వెసులుబాటు కూడా మీకు దక్కదు.

మీకు సరిపోయేది ఎస్‌డీసీసీ అనే ఉచిత సీ కంపైలర్. దానికి కోడ్ పరిమితి లేదు, అమ్మకానికి అభ్యంతరం లేదు. అది జీపీఎల్ (సోర్సును కూడా పంచుకోవాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) కింద ఉంది కాబట్టి దానితో కంపైల్ చేసిన మన ప్రోగ్రాము సోర్సును కూడా బయట పెట్టాలేమోనని చాలామంది భయపడి దూరంగా ఉంటారు. ఆ భయం అక్కర్లేదు. కంపైలర్ లైసెన్సు కంపైలర్‌కే వర్తిస్తుంది, మీ ప్రోగ్రాములో కలిసే 8051 లైబ్రరీలకు లింకింగ్ మినహాయింపు (వాటిని కలుపుకున్నా మీ కోడ్‌కు జీపీఎల్ అంటదు) ఉంది. కాబట్టి సోర్సు ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

కోడ్ మార్చడం కూడా కష్టమేమీ కాదు. కైల్‌లో ఎస్‌బిట్ అనే కీవర్డుతో ప్రకటించిన పిన్నులకు బదులు, ఏటీ89ఎక్స్52 హెడర్‌ను చేర్చుకుని పీ1_0 వంటి పేర్లను నేరుగా వాడండి. కోడ్, ఇంటరప్ట్ అనే కీవర్డుల ముందు రెండేసి అండర్‌స్కోర్లు పెట్టి, ఇంటరప్ట్ సంఖ్యను బ్రాకెట్లలో రాయండి. ఫ్లోట్‌ను మాత్రం ఇక్కడ కూడా వదిలేయడమే మంచిది, ఎందుకంటే దీని ప్రింట్‌ఎఫ్ మామూలుగా ఫ్లోట్ విలువ బదులు "నో ఫ్లోట్" అని అచ్చు వేస్తుంది. కంపైల్ చేసేటప్పుడు కోడ్ సైజును 8192గా ఇస్తే, చిప్ అసలు హద్దు దాటినప్పుడే హెచ్చరిక వస్తుంది.

జవాబు: వైరింగ్ బల్ల

ముందు ముందు ఆర్మ్ చిప్‌లకు మారే ఆలోచన ఉంటే ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. ఆర్మ్ చిప్‌ల కోసం కైల్ ఇచ్చే ఎండీకే ఉచిత వెర్షన్ లైట్‌కు 32 కేబీ హద్దు ఉండేది. తర్వాత వచ్చిన కమ్యూనిటీ ఎడిషన్‌లో ఆ హద్దును తీసేశారు గానీ, దాన్ని వాణిజ్యేతర వాడకానికే పరిమితం చేశారు. పరిమితి పోయిందన్న మాట విని చాలామంది లైసెన్సు చదవకుండానే అమ్మకాలు మొదలుపెడుతున్నారు, అది నన్ను నిజంగా కలవరపెడుతోంది. ఎస్‌టీఎం32 చిప్‌లకైతే జీసీసీ అనే ఉచిత కంపైలర్ మీద నడిచే ఎస్‌టీఎం32క్యూబ్ఐడీఈ ఉంది, దానికి కోడ్ పరిమితి లేదు. మైక్రోచిప్ కంపెనీ ఎక్స్‌సీ8 కంపైలర్ పద్ధతి ఇంకొకటి: ఉచిత వెర్షన్‌లో కూడా కోడ్ ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, కానీ కోడ్‌ను బాగా కుదించే పై స్థాయి ఆప్టిమైజేషన్లు డబ్బు కడితేనే వస్తాయి.

బోరుబావి

అందరికీ ధన్యవాదాలు. రిజిస్టర్ బ్యాంక్ గారి అనుమానం నిజమే, ఎస్‌ప్రింట్‌ఎఫ్, ఫ్లోట్ రెండూ వాడాను. వాటిని తీసేస్తే మోటారు భాగంతో సహా కైల్‌లోనే సరిపోయింది. అయినా అమ్మే ఉద్దేశం ఉంది కాబట్టి ఎస్‌డీసీసీకే మారుతున్నాను. కంపైల్ అయింది గానీ హెక్స్ ఫైలు బదులు ఐహెచ్ఎక్స్ ఫైలు వచ్చింది, చిప్‌లోకి ప్రోగ్రామును ఎక్కించే నా ప్రోగ్రామర్ సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవడం లేదు.

గోదారి గట్టు

అది కూడా ఇంటెల్ హెక్స్ రూపమేనండి. ఎస్‌డీసీసీతో పాటు ప్యాక్‌ఐహెచ్ఎక్స్ అనే చిన్న ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లోకి వచ్చే ఉంటుంది. ఐహెచ్ఎక్స్ ఫైలును దానికిచ్చి, అవుట్‌పుట్‌ను హెక్స్ పొడిగింపుతో సేవ్ చేసుకుంటే మీ ప్రోగ్రామర్ తీసుకుంటుంది.