కోరినియస్‌ని చరిత్రలో పెట్టొచ్చా?

ప్రశ్న: కావలి మాస్టారు
మా తొమ్మిదో తరగతి పిల్లలు గోడపత్రిక చేస్తా ఉన్నారు. ఒక పిల్ల ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ మీద రాసుకొచ్చింది. ట్రాయ్ వంశపు బ్రూటస్‌తో (కథల్లో బ్రిటన్‌కు మొదటి రాజు) ఓడల్లో వచ్చిన కోరినియస్ ఆ సీమకు మొదటి ఏలిక అంట. పన్నెండు మూరల రాక్షసుడు గోగ్‌మగోగ్‌తో కుస్తీ పట్టి, మూడు పక్కటెముకలు విరిగినా వాణ్ణి భుజానేసుకుని పరిగెత్తి కొండచరియ మీంచి సముద్రంలోకి విసిరాడంట. దీన్ని ‘చరిత్ర’ గడిలో అంటించమంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: ఒంగోలు పాఠకుడు
చరిత్ర కాదండీ. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల పుస్తకంలోది. ఆ శతాబ్దం చివర్లోనే విలియం ఆఫ్ న్యూబర్గ్ అనే చరిత్రకారుడు అదంతా కల్పితమని తీవ్రంగా ఖండించాడు. కోరినియస్‌ను పోలిన పేరు అంతకు చాలాముందే రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఉంది. తీసేయండి.

జవాబు: కందుకూరు అక్క
తీసెయ్యొద్దు మాస్టారూ. బిడ్డ ఇష్టంగా రాసింది. గడి మార్చండి, చాలు.

ఇంకో మాట. ఆ పిల్ల కుస్తీ దగ్గరే ఆగిపోయినట్టుంది, అసలు కథ కూతురిది. కోరినియస్ కూతురు గ్వెండొలెన్‌ని బ్రూటస్ కొడుకు లోక్రినస్‌కి ఇచ్చారు. ఆయన మనసు ఎస్ట్రిల్డిస్ మీద. మామకు భయపడి ఆమెను ఏడేళ్లు నేలమాళిగలో దాచాడు, దేవుళ్లకు రహస్య పూజలని చెప్పి పోయొచ్చేవాడు. మామ చచ్చీ చావంగానే భార్యను వదిలేసి ఎస్ట్రిల్డిస్‌ని రాణిని చేశాడు. గ్వెండొలెన్ పుట్టింటికి పోయి, కార్న్‌వాల్ కుర్రాళ్లను కూడగట్టి దండెత్తింది. స్టవర్ నది దగ్గర యుద్ధంలో బాణం తగిలి లోక్రినస్ పోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు రాజ్యమేలి, కొడుకు పెద్దవాడు కాంగానే సింహాసనం ఇచ్చేసి, తనకు కార్న్‌వాల్ ఒక్కటే ఉంచుకుంది. నాకు ఆమె మీద గౌరవమే గానీ, ఎస్ట్రిల్డిస్‌నీ ఆమె బిడ్డ హాబ్రెన్‌నీ నదిలో తోయించింది చూడండి, అది మటుకు మనసొప్పదు. పసిబిడ్డ ఏం చేసింది? ఆ బిడ్డ పేరే నదికి పెట్టమందంట. అదే ఇప్పటి సెవర్న్.

ప్రశ్నించినవారు: కావలి మాస్టారు
అక్కా, మరి మన కాటమరాజు కథో? పిల్లలు అడుగుతారు, అదీ పాటే గదా అని.

జవాబు: కందుకూరు అక్క
అడగాల్సిందే. పుల్లరి (పశువుల మేత పన్ను) కట్టలేదని కాటమరాజు మీదికి ఖడ్గతిక్కన పోయిన కథ మా అవ్వ చిన్నప్పుడు కొమ్ములవాళ్ల నోట రాత్రంతా వినేదంట. అందులో పాట పెంచింది చాలానే ఉంటుంది. కానీ ఆ ఖడ్గతిక్కనను పంపిన మనుమసిద్ధి 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన రాజు. శాసనాలున్నాయి, కవి తిక్కన నిర్వచనోత్తర రామాయణం ఆయనకే అంకితమిచ్చాడు. పాటకు బయట సాక్ష్యం దొరికింది. కోరినియస్‌కు అట్టా ఒక్క రాయీ లేదు. ఇంగ్లండులోని ప్లిమత్‌ ఊళ్లో ఈ కుస్తీవేనని చెప్పుకునే, గడ్డి చెక్కి గీసిన రాక్షసుల బొమ్మలు ఉండేవి, 1660ల్లో కోట కట్టేటప్పుడు పోయాయి. అయితే అవి జెఫ్రీ పుస్తకం వచ్చిన మూడొందల ఏళ్ల తర్వాత గానీ లెక్కల్లో కనపడవు. కథను జనం ఎంత ప్రేమించారో అవి చెబుతాయి, ఆ రాజు ఉన్నాడని చెప్పవు.

రెండు కథలూ పక్కపక్కన అంటించండి. కింద ‘దీనికి సాక్ష్యం ఏంది?’ అని గీత గీసి, పిల్లల్నే నింపమనండి.